పలకల వారింట్లో పలకని రేడియో

ఆ రోజుల్లో అసూయ చాలా చౌక. ఇప్పుడు ఎవరినైనా చూసి కుళ్ళుకోవాలంటే వాడికి కనీసం ఒక కారో, మేడో ఉండాలి; తల ఎత్తి చూడాలి, మెడ పట్టేస్తుంది. మా కాలంలో మార్కాపురంలో అంత శ్రమ లేదు. ఎదుటివాడి జేబులో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలుంటే చాలు, వారానికి సరిపడా కడుపుమంట. (పొయ్యిలోకి కట్టెలకు కరువొచ్చేది గానీ ఈ మంటకు ఎన్నడూ రాలేదు.) అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది, కర్నూలు మద్రాసు ప్రభుత్వంలో ఉండేది, నేను మా బావ నీడలో ఉండేవాణ్ణి. మొదటి రెండూ తర్వాత మారాయి.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకన్నా కొన్ని నెలలు మాత్రమే పెద్ద. ఆ కొన్ని నెలల ముందు వచ్చి, లోకంలో ఉన్న తెలివంతా మూటగట్టుకొని, నాకు గోతం దులుపుకునే భాగ్యం మిగిల్చాడు. ఎస్సెల్సీ పరీక్ష అతను ఒక్క దెబ్బకు గట్టెక్కాడు; నేను దెబ్బ మీద దెబ్బ తింటున్నాను. అతనికి మీసం వచ్చింది; నాకు వస్తుందని అందరూ ధైర్యం చెబుతున్నారు. మా ఇంట్లో నేనేం చేసినా దాని చివర “వాణ్ణి చూడు” అనే తోక ఒకటి ఉండేది. అన్నం తింటుంటే “వాణ్ణి చూడు, మెతుకు కింద పడనియ్యడు.” నిద్రపోతుంటే “వాణ్ణి చూడు, కోడి కంటే ముందు లేస్తాడు.” అంతగా చూడమన్నాక చూడక తప్పుతుందా? చూసీ చూసీ నా కళ్ళు ఎర్రబడ్డాయి.

అయితే బావకు లేనిదీ నాకు ఉన్నదీ ఒకటుండేది. మా అవ్వ. ఆమె మా నాయనకూ మేనత్తకూ తల్లి కాబట్టి న్యాయంగా మా ఇద్దరికీ అవ్వే. కానీ ఉండేది మా ఇంట్లో. మేనత్త ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా పండక్కో పబ్బానికో తప్ప అవ్వ ఆ గడప తొక్కేది కాదు. కూతురి ఇంటికి, అందులోనూ వియ్యపురాలు ఇంకా తాళంచెవులు నడుముకు దోపుకొని తిరుగుతున్న ఇంటికి, పనీపాటా లేకుండా పోతే పరువు తక్కువని ఆ తరం వాళ్ళ పట్టుదల. అందువల్ల అవ్వ సాయంత్రాలన్నీ నావే. దీపం పెట్టే వేళకు వసారాలో చాప వేసుకొని కూర్చునేది, నేను పురాణం చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చదువు రాదు, ఒక చెవి సరిగా వినపడదు; అందుకని గొంతు చించుకొని చదివేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు తగాదా అనుకొని తొంగి చూసేవాళ్ళు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, మా ఇంట్లో రేడియో లేని రోజుల్లో రేడియో నేనే.

ఇక మా ఇల్లు. మాది పలకల ఇల్లు. అంటే పలకలతో కట్టింది కాదు, పలకల మీద బతికింది. నాయనకు చిన్న పలకల కార్ఖానా ఉండేది. గనుల నుంచి బండ్ల మీద రాయి వచ్చేది. దాన్ని పొరలు పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగించి, ఎక్కడెక్కడి పిల్లలు ఓనమాలు దిద్దుతారో అక్కడికల్లా పంపేవాళ్ళు. ఆ పనిలో విరిగిన ముక్కలన్నీ మా పెరట్లో పోసేవాళ్ళు. ఏళ్ళ తరబడి పోసీ పోసీ మా పెరడు నడుము ఎత్తు దిబ్బ అయింది. నడిస్తే కరకరమనేది. ఎంత వాన పడినా చుక్క నిలవదు, సందుల్లోంచి జారిపోతుంది. “మన ఇంట్ల బురద అనేది పుట్టలేదురా” అని నాయన గర్వంగా చెప్పేవాడు. మేనత్త ఇంట్లోనో, పెరడంతా బురదే. రెండు బర్రెలు, వాటి కుడితి, స్నానాల నీళ్ళు, అంట్లు తోమే నీళ్ళు అన్నీ అక్కడికే చేరేవి. ఆ ఇంటికి పోయినప్పుడల్లా నేను ముక్కు మూసుకొని, పంచె ఎగ్గట్టి, కొంగలాగ అడుగులు వేసేవాణ్ణి. బావ మీద నాకున్న ఒకే ఒక ఆధిక్యం ఆ పొడి నేల. (ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. సమయానికి నాకు గుర్తు రాలేదు.)

బెజవాడలో రేడియో స్టేషను పెట్టిన కొత్త అది. మమ్మల్ని ఏలడం మద్రాసు నుంచి, మాతో మాట్లాడటం బెజవాడ నుంచి. స్వాతంత్ర్యమైతే వచ్చింది గానీ మా వీధికి కరెంటు రాలేదు. కాబట్టి రేడియో అంటే పట్నంలో షావుకార్ల ముచ్చట అనుకునేవాళ్ళం. అలాంటప్పుడు మా సైన్సు అయ్యవారు ఒక ఇంగ్లీషు మాసపత్రిక తెచ్చి, అందులో ఒక బొమ్మ చూపించారట. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకునే రేడియో. నాకు చూపించలేదు, బావకు చూపించారు. బావ దాన్ని చూసి రాసుకొని, నెల తిరక్కుండా కట్టి పారేశాడు. అందులో ఏముంది కనక? ఒక తీగచుట్ట, ఒక సీసపు రాయి ముక్క, ఆ రాయి మీద మొన ఆనించే సన్నని తీగ, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను. గాలిలో పోయే మాటను పట్టడానికి పైకి ఒక తీగ, పట్టిన దాన్ని దించడానికి భూమిలోకి ఒక తీగ. అంతే. రాయి మీద ఆనించే ఆ సన్నతీగను ఇంగ్లీషువాళ్ళు పిల్లిమీసం అంటారట. (సొంత మీసం ఉన్నవాడికే పిల్లిమీసం కూడా వచ్చింది. నాకు రెండూ లేవు. ఇదెక్కడి న్యాయం?)

హెడ్‌ఫోను ఎక్కడిదంటే, మా ఊరి పాలెంలో యుద్ధానికి పోయి బర్మా దాకా చూసొచ్చిన క్రైస్తవుల పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని బర్మా పెద్దయ్య అనేవాళ్ళం. పటాలం సామాన్లు వేలం వేసినప్పుడు ఆయన ఎందుకు కొన్నాడో ఏమో రెండు జతల హెడ్‌ఫోన్లు కొని తెచ్చి, మొన్నమొన్నటిదాకా అటక మీద పెట్టుకున్నాడు. ఒక జత బావకిచ్చాడు.

రేడియో పలికిందన్న వార్త విని నేనూ పోయాను. “కన్నీళ్ళు పెట్టుకుందాం రండి” అని ఎవరూ పిలవలేదు, నా అంతట నేనే పోయాను. బావ హెడ్‌ఫోనును ఒక పెద్ద ఇత్తడి గిన్నెలో బోర్లించి పెట్టాడు. అట్లా పెడితే గిన్నె మోగి చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ సన్నగా వినపడుతుంది. వసారా నిండా జనం, గిన్నె చుట్టూ తలకాయలు. పులిహోర పంచుతున్నారేమో అనుకోవాలి తెలియనివాళ్ళు. ఆ గిన్నె అడుగు నుంచి, బావిలో పడ్డవాడెవడో పిలిచినట్టుగా, ఒకాయన హరికథ చెబుతున్నాడు.

“ఎట్లుంది బామ్మర్దీ?” అన్నాడు బావ.

“గిన్నె బాగుంది బావా” అన్నాను.

అంతవరకూ అయితే ఓర్చుకునేవాణ్ణే. మరుసటి సాయంత్రం పురాణం పట్టుకొని వసారాలోకి వచ్చేసరికి చాప లేదు. అవ్వ ఉతికిన చీర కట్టుకొని వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

“అవ్వా, చదవద్దా?”

“రేపు సదువుకుందాంలే నాయనా. ఆడ హరికత మొదులయితాదంట. నీ బావ కట్టిన పెట్టెను సూడకపోతే వాడేమనుకుంటాడు?”

ఆ రేపు రాలేదు. రోజూ చీకటి పడే వేళకు అవ్వ ముఖం కడుక్కొని, కొప్పు సవరించుకొని, నేను ఎప్పుడూ చూడని హుషారుతో రెండు వీధులు నడిచిపోయేది. పండక్కి కూడా బతిమాలించుకొని పోయే మనిషి! ఎంత బలమైన రేడియో అయితే అవ్వ పట్టుదలను కూడా లాగేస్తుంది! చాప మడిచి మూలన నిలబెట్టేవాళ్ళు. పురాణంలో మేము ఆపిన చోట రాజుగారు అడవిలో దారి తప్పి ఉన్నాడు. అట్లే ఉండిపోయాడు పాపం. ఆయనకూ నాకూ దారి చూపేవాళ్ళు లేరు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, నేను కుంపటే పెట్టుకున్నాను.

దానికి ఒకటే మందు. నేనూ రేడియో కట్టాలి. అవ్వ మా వసారాలోనే కూర్చుని హరికథ వినాలి. బావ తన గిన్నె తాను బోర్లించుకోవాలి.

బర్మా పెద్దయ్య దగ్గరికి పోయాను. ఆయన పాలెంలో సాయంత్రాలు పిల్లలకు బడి చెప్పేవాడు. నాయనను అడిగి ఒక కట్ట పలకలు పట్టుకుపోతే, ఆయన సంతోషించి రెండో జత హెడ్‌ఫోను చేతిలో పెట్టాడు. “జాగర్తబ్బీ, ఇది పటాలపు సరుకు, మంచిమాట చెడ్డమాట రెండూ ఇంటాది” అన్నాడు. తీగచుట్టను సీసా మీద చుట్టాను. ఇక రాయి. అది మాత్రం బావ దగ్గర తప్ప లేదు. ఎన్ని రోజులు తిప్పించుకుంటాడో, ఎంత బతిమాలించుకుంటాడో అని ఒక పెద్ద ప్రసంగం తయారు చేసుకొని పోయాను. నేను నోరు తెరవకముందే బావ సుత్తి తెచ్చి ఠక్కున కొట్టి సగం నా చేతిలో పెట్టాడు. “తీసుకో బామ్మర్దీ, నాకు సగం చాలు.” చూశారా, ఎంత దుర్మార్గుడో! తిట్టుకోవడానికి కూడా సందు ఇవ్వలేదు. (మంచి సగం తన దగ్గరే పెట్టుకున్నాడని దారిలో తేల్చుకున్నాక గానీ మనసు కుదుటపడలేదు.)

బావ రేడియో మామూలు చెక్క మీద ఉండేది. మనం పలకల వాళ్ళం, మనకు చెక్కేమిటి? కార్ఖానాలో పొర లేని మంచి రాయి ఏరి, అద్దంలాగ అరగదీయించి, ఆ నల్లటి పలక మీద సామానంతా బిగించాను. నాయన దాన్ని చూసి మొదటిసారి “వాణ్ణి చూడు” అనలేదు. “భేష్ రా! పలక మీద రేడియో! మన సరుకు ఎక్కడికి పోయింది చూడు” అన్నాడు. పైతీగ కోసం బావ గడ కన్నా పొడుగు గడ తెచ్చి నిలబెట్టాను. రెండు రోజులకు బావ గడ పెరగలేదు గానీ, పెరిగినట్టు నాకు అనుమానం వచ్చి నా గడకు ఇంకో ముక్క కట్టాను. దాని మీద కాకులు వాలడానికి కూడా జంకేవి. భూమి తీగను వసారా పక్కనే ఒక ఇనుప కడ్డీకి కట్టి, ఆ కడ్డీని పెరట్లో దిగ్గొట్టాను. కరకరమంటూ చక్కగా దిగింది.

హెడ్‌ఫోను తగిలించుకొని, ఊపిరి బిగబట్టి, తీగ మొనను రాయి మీద ఆనించాను. నిశ్శబ్దం. ఇంకోచోట ఆనించాను. ఇంకా మంచి నిశ్శబ్దం. అంత శ్రేష్ఠమైన నిశ్శబ్దం మార్కాపురంలో అంతకుముందు ఎవరూ విని ఉండరు. రాయిని తిప్పాను, కడిగాను, దండం పెట్టాను. తీగచుట్ట విప్పి మళ్ళీ చుట్టాను. వారాలు గడిచాయి. వీధిలో ఎవరు ఎదురైనా పలకరింపు ఒకటే: “ఏమబ్బీ, పలికిందా?” ఆఖరికి మా వీధి మంగలి మామ కూడా క్షవరం చేస్తూ “పలకలోళ్ళ ఇంట్ల పలకని రేడియో అంట గదబ్బీ” అన్నాడు. కత్తి మెడ మీద ఉన్నప్పుడు నవ్వక తప్పదు కాబట్టి నవ్వాను.

సిగ్గు విడిచి బావను పిలిపించాను. అతను వచ్చి, తీగలన్నీ వేలితో తడిమి, హెడ్‌ఫోను పెట్టుకొని చాలాసేపు విన్నాడు. ఏ ముడీ తప్పు లేదన్నాడు.

“మరెందుకు పలకదు బావా?”

“అంతా సరిగ్గానే ఉండాది. ఇంక నీ రాత అంతే” అని నా వీపు తట్టాడు. ఆ తట్టినచోట చాలా రోజులు మండింది.

ఒక సాయంత్రం ఎప్పటిలాగే నిశ్శబ్దం వింటూ కూర్చున్నాను. ఆ రోజు వీధి వైపు పలకల కట్టలు బండికి ఎత్తుతున్నారు. దారంతా గడ్డి, తాళ్ళు. మేనత్త ఇంటి నుంచి తిరిగొచ్చిన అవ్వ ముందు నుంచి రాలేక పెరటి వైపు తిరిగొచ్చింది. బయటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కోనిదే గడప దాటదు. వసారా అంచున చెంబు తీసుకొని, నా ఇనుప కడ్డీ పక్కనే నిలబడి, కాళ్ళ మీద గబగబా నీళ్ళు పోసుకుంది.

నా చెవిలో ఒకామె పాడింది.

పైన గడ కదల్లేదు, రాయి మీద తీగ కదల్లేదు. నేను కూడా కదల్లేదు. పాట గట్టిగా, స్పష్టంగా, ఆమె నా పక్కన కూర్చుని పాడినట్టు వచ్చి, నాలుగు పంక్తులు గడిచాక సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. నేను అవ్వ కాళ్ళ వంక చూశాను. కడ్డీ వంక చూశాను. పలక ముక్కల సందుల్లోంచి నీళ్ళు జారిపోయి నేల అప్పుడే ఆరిపోతోంది. అప్పుడు తెలిసింది. భూమి తీగ భూమిలోకి దిగాలి. నాది పలకల్లోకి దిగింది. నాయన గర్వంగా చెప్పే బురద లేని పెరడే నా గొంతు నొక్కింది. మేనత్త ఇంట్లో బర్రెల బురద, నేను ముక్కు మూసుకొని దాటిన బురద, బావకు హరికథ చెబుతోంది!

కడ్డీ పీకి ఇంకో చోట పాతవచ్చు కదా అంటారు. పలక పోయని నేల మా ఇంట్లో జానెడు కూడా లేదు. నీళ్ళు పోస్తూ ఉండవచ్చు కదా అంటారు. మా బావి లోతు తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. అమ్మ చేది, మోసి, బిందెలో పోసిన నీళ్ళు అవి. మరునాడే ఆ కడ్డీ మొదట్లో నేను రెండు చెంబులు పోయడం చూసి, “ఏందిరా అది? ఇనుప కడ్డీకి నీళ్ళు పోస్తే చిగురేస్తాదా? తాగనీకె లేవు, నువ్వు కడ్డీని పెంచుతా ఉండావే!” అని బిందె లోపల పెట్టేసింది. అయితే ఒక దారి ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి మాత్రం మా ఇంట్లో ఎవరికీ నీళ్ళు లేవనరు. వచ్చిన మనిషికి చెంబు నిండా నీళ్ళు ఇవ్వకపోతే ఇంటికే తలవంపు.

“అవ్వా, ఒక్క సాయంత్రం నాకియ్యి. మనింట్లోనే హరికథ వినిపిస్తా” అన్నాను. అవ్వ ముఖంలో ఎందుకో సంతోషం కనపడలేదు. నా రేడియో మీద ఆమెకు కూడా నమ్మకం లేదనుకొని ఇంకా పట్టుబట్టాను. సరేనంది.

మరుసటి సాయంత్రం అవ్వను వసారా అంచున, కాళ్ళు కడిగే నీళ్ళ బిందె పక్కన కూర్చోబెట్టాను. హెడ్‌ఫోను విడదీసి ఒక డిప్ప ఆమె మంచి చెవికి, ఒకటి తుండుగుడ్డతో నా చెవికి కట్టుకున్నాను. ఎడమ చేత్తో తీగ మొన రాయి మీద పట్టుకున్నాను. ఇక రావలసింది కాళ్ళు. అనుకున్నట్టే వచ్చాయి, అవి కూడా బావవి.

“అవ్వ ఇంకా రాలేదేందని అమ్మ కనుక్కొని రమ్మనింది” అంటూ బావ, వీధి వైపు ఇంకా పలకల కట్టలు అడ్డంగా ఉండటంతో, పెరటి వైపు నుంచి వచ్చాడు.

“రా బావా, రా! కాళ్ళు కడుక్కో. ఇట్ల, ఈ కడ్డీ పక్కన నిలబడు. నేను పోస్తా” అన్నాను. నా రేడియో నీళ్ళు తాగి పాడుతుందని అతనికి చెప్పడం చచ్చినా ఇష్టం లేదు. కుడిచేత్తో చెంబు ఎత్తి, వంగి, బావ పాదాల మీద ధారగా పోయడం మొదలుపెట్టాను. పట్టాభిషేకంలో కూడా అంత భక్తిగా ఎవరూ పోసి ఉండరు.

బావ బిత్తరపోయాడు. “ఏందిరా బామ్మర్దీ ఇంత మర్యాద? పెండ్లికొడుక్కి కడిగినట్టు కడుగుతా ఉండావే! ఇయ్యనీకె మీ ఇంట్ల పిల్ల కూడా లేదు గదరా!”

నేను ధార ఆపలేదు. నా చెవిలో హరికథ మొదలైంది. చిడతలు గలగలమన్నాయి, దాసుగారు గొంతు సవరించుకున్నారు, ఆయన కాలి గజ్జెలు కూడా వినపడ్డాయి. బావ రేడియోలో ఎన్నడూ వినపడనంత గట్టిగా! ఒళ్ళు పులకరించింది. బిందెలో చెంబు ముంచి ఇంకో చెంబు పోశాను.

“చాల్లే, పాదాలు నానిపోతా ఉండాయి” అన్నాడు బావ.

“ఇంకా దుమ్ముంది బావా” అన్నాను. ఆనందం పట్టలేక అవ్వ వైపు తిరిగాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు కదిలాయి. ఆమెకూ వినపడుతోంది! ఇదీ క్షణం! ఇక ఆమె నోరు తెరిచి బావ ముందర ఒక్క మాట అంటే చాలు, నా జన్మలో పడ్డ “వాణ్ణి చూడు”లన్నీ కొట్టుకుపోతాయి.

“ఎట్లుందవ్వా? పలికిందా?” అన్నాడు బావ కింద నుంచి.

అవ్వ చెవి నుంచి డిప్ప తీసి నా ఒళ్ళో పెట్టింది. “ఏం లేదురా అబ్బయా. గుయ్ మంటా ఉండాది, అంతే” అంది.

“అవ్వా! నాకు వినపడతా ఉంది! గజ్జెలు కూడా!” అని అరిచాను.

బావ జాలిగా నవ్వాడు. “ఆశకు చెవులు పెద్దవి బామ్మర్దీ. ఏదీ, నన్ను ఇననీ” అని కాళ్ళు తుడుచుకొని పైకొచ్చి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. అప్పటికి పోసిన నీళ్ళు పోసినట్టే జారిపోయాయి. శ్రేష్ఠమైన నిశ్శబ్దం. రహస్యం బయటపడితే పడనీ, ముందు అతను వినాలి అనుకొని చెంబు కోసం తిరిగాను. చెంబు అవ్వ ఒళ్ళో ఉంది. బిందె మూతి మీద ఆమె చెయ్యి ఉంది.

“ఇంక చాలు నాయనా. మీ అమ్మ మోసిన నీళ్ళురా అవి” అంది. మెత్తగానే అంది గానీ చెయ్యి తియ్యలేదు.

బావ హెడ్‌ఫోను తీసి జాగ్రత్తగా పలక మీద పెట్టి, “దిగులు పడమాకు. నువ్వు కూడా రోజూ మా ఇంటికే రా” అన్నాడు. నరికినా ఇంత బాధ ఉండదు. “రా అవ్వా, కత అయిపోతాది” అని ముందు నడిచాడు.

అవ్వ లేచింది. కొప్పు సవరించుకుంది. పోతూ పోతూ నా పక్కన ఆగి, వంగి, నా చెవిలో మాట్లాడింది. హెడ్‌ఫోను అక్కర్లేనంత దగ్గరగా.

“పలికింది నాయనా. బాగా పలికింది. వాడిదాని కంటే బాగా.”

“మరి లేదన్నావేంది?”

“ఇంట్లనే రేడియో పలుకుతాంటే ఇంక ఆడికి ఏమని పోవాల్రా నేను?”

నాకు అర్థం కాలేదు. ఆమె వీధి వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. “మీ అత్త నా పక్కన కూచుంటాది. కత అయ్యేదాకా నా చెయ్యి పట్టుకోనే ఉంటాది. ఇన్నేండ్లలో అంతసేపు దాని పక్కన కూచోనింది ఇప్పుడే. వియ్యపురాలు కూడా ఏమీ అనదు, హరికతకు వచ్చినారులే అనుకుంటాది. ఆ గిన్నెలో కత నాకు సరిగా ఇనపడను కూడా ఇనపడదురా.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “నువ్వు సదివేదైతే ఇనపడతాది. పగటిపూట సదువుకుందాంలే. ఆ రాజు ఇంకా అడివిలోనే ఉండాడు గదా.”

ఆమె పోయాక చెంబు తీసి బిందె మీద బోర్లించాను. ఇన్ని వారాలు బావను చూసి కుళ్ళాను. బావ రేడియోను చూసి, రాయిని చూసి, గడను చూసి, మీసాన్ని చూసి కుళ్ళాను. ఆ ఇంట్లో గిన్నెకు కాస్త ఎడంగా, గోడకానుకొని, తల్లి చెయ్యి పట్టుకొని కూర్చున్న మేనత్తను ఒక్కసారి కూడా చూడలేదు. అసూయకు కళ్ళు పెద్దవే గానీ చూపు ఆనదు. అయినా అలవాటు కొద్దీ ఆ సాయంత్రం మిగిలిన భాగమంతా మేనత్తను చూసి అసూయపడ్డాను. అది ఎక్కువసేపు నిలవలేదు.

ఆ తర్వాత నేను ఆ కడ్డీకి నీళ్ళు పోయలేదు. అమ్మ నాకు బుద్ధి వచ్చిందని సంతోషించింది. పగటిపూట పురాణం మళ్ళీ మొదలైంది, రాజుగారు అడవిలోంచి బయటపడ్డాడు. నల్ల పలక మీది రేడియో గూట్లోకి ఎక్కింది. అవ్వ నడవగలిగినన్నాళ్ళు ప్రతి సాయంత్రం ఉతికిన చీర కట్టుకొని హరికథకు పోయింది. హరికథ లేని రోజుల్లో పంటల ధరలకు కూడా పోయింది.

ఇప్పుడు మా ఊరు ఇంకో జిల్లాలో ఉంది, ప్రభుత్వం ఇంకోచోట ఉంది. బావ మీసం నెరిసింది. నాకూ వచ్చింది, వచ్చీ రాగానే అదీ నెరిసింది. మేనత్త పోయింది, అంతకు ఎంతో ముందే అవ్వా పోయింది. పెళ్ళిళ్ళలో పదిమంది చేరితే చాలు, బావ మొదలుపెడతాడు: “మా బామ్మర్ది కూడా ఒకప్పుడు రేడియో కట్టినాడు లేండి. గుయ్ మనింది!” అందరూ నవ్వుతారు. ‘నీ దానికన్నా బాగా పలికింది, నీ కాళ్ళ సాక్షిగా పలికింది’ అనే మాట ప్రతిసారీ నా నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు బిందె మూతి మీద ఒక ముడతలు పడ్డ చెయ్యి కనపడుతుంది. నేను కూడా నవ్వుతాను.

కానీ ఒక అలవాటు మాత్రం పోలేదు. ఎవరింటికి పోయినా గుమ్మం ముందు కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఒక్క క్షణం ఆగుతాను, చెవి ఒగ్గుతాను.

“ఏంది మామా, ఆగినావు? ఏమన్నా ఇనపడతా ఉండాదా?” అంటారు ఆ ఇంటివాళ్ళు.

“ఏం లేదురా అబ్బయా” అంటాను. “గుయ్ మంటా ఉండాది, అంతే.”